నగరంలో రెండు రోజులు: కట్టడాన్ని ఎలా చూడాలి?





ఏప్రిల్ 14కో, డిసెంబర్ 6కో, లేకపోతే పిల్లల సెలవులకో హైదరాబాద్ వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఒకటి రెండు రోజులు మిగుల్చుకుని నగరం చూస్తాం. పిల్లలు ముందు అడిగేది ఒకటే: "సినిమావాళ్ల ఇండ్లు చూపించండి." సరేనని ఆటో ఎక్కి జూబ్లీహిల్స్, ఫిలింనగర్ పోతాం. ఎత్తైన గోడలు, ఇనుప గేట్లు, గేటు మీద కెమెరాలు. ఏదో ఒక హీరో గేటు ముందు నిలబడి ఫోటో దిగుతాం. ఇంతలో వాచ్‌మన్ వచ్చి "జరగండి, జరగండి" అంటాడు. జరుగుతాం. ఆ వాచ్‌మన్ కూడా మనలాంటి ఊరి నుంచి పొట్టకూటికి వచ్చినవాడే.

తిరుగు బస్సులో పిల్లల మనసులో మిగిలేదేమిటి? ఒకటి, అలాంటి ఇల్లు నాకూ కావాలన్న తృష్ణ. రెండోది, మనం గేటు బయటి వాళ్లమే అన్న చిన్నతనం. ఈ రెండో దాన్ని మన తాతలు, ముత్తాతలు చాలాకాలం మోశారు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఇంట్లో కూడా అది పిల్లల మనసులోకి మళ్లీ దూరుతుంటే మనం ఊరుకోకూడదు.

అలాగని నగరం చూడొద్దని కాదు. చూడాలి, బాగా చూడాలి. గొప్ప కట్టడం ముందు నిలబడితే మనసు విశాలమవుతుంది. అయితే ఎలా చూడాలో నేర్చుకుని చూడాలి. ఈ పాఠం దాని గురించే.

1. బాబాసాహెబ్ వెళ్లిన యాత్ర

1934లో బాబాసాహెబ్ కూడా ఇలాంటి ఒక చిన్న యాత్ర చేశారు. ఉద్యమంలో పనిచేసే సహచరులు, అందరూ కలిపి 30 మంది దాకా, ఎల్లోరా గుహలు చూద్దామని బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట చూడాలనుకున్నారు. ఔరంగాబాద్, దౌలతాబాద్, ఎల్లోరా, అజంతా అన్నీ అప్పుడు మన హైదరాబాద్ నిజాం రాజ్యంలోనే ఉండేవి.

దుమ్ము కొట్టుకుపోయి కోట దగ్గరికి చేరారు. అక్కడ నిండా నీళ్లున్న ఒక కొలను కనిపించింది. ముఖం, కాళ్లు చేతులు కడుక్కుని కోట గుమ్మం దగ్గరికి నడిచారు. అంతే, వెనక నుంచి ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు. అంటరానివాళ్లు కొలను మైలపరిచారని గోల. జనం మూగారు, తిట్టారు. అడ్డుకున్నవాళ్లు ముస్లింలు. కులం అనే రోగం ఒక్క మతం దగ్గరే ఆగలేదని బాబాసాహెబ్ ఈ సంఘటనతో చూపించారు. చివరికి లోపలికి పోనిచ్చారు గానీ ఒక షరతు పెట్టారు: కోటలో ఎక్కడా నీళ్లు ముట్టకూడదు. ముట్టకుండా చూడడానికి తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు. ఈ సంగతి బాబాసాహెబ్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో స్వయంగా రాసుకున్నారు.

విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన బారిస్టర్‌కే ఒక పాత కోట చూడడానికి సిపాయి కాపలా పెట్టారు. కాబట్టి కట్టడం చూడడం మనకు ఉత్త సరదా కాదు, కొట్లాడి సంపాదించుకున్న హక్కు. రాజ్యాంగంలోని 15వ అధికరణం, రెండో క్లాజు ఒకసారి తీసి చదవండి. దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లోకి పోవడానికి, ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు వాడుకోవడానికి కులం, మతం అడ్డు రాకూడదని అందులో ఉంది. సినిమా హాలు టికెట్ కిటికీ దగ్గర మన కులం ఎవరూ అడగకపోవడం వెనక ఆ అక్షరాలున్నాయి.

దౌలతాబాద్ అవమానం తర్వాత 16 ఏళ్లకు, 1950లో, బాబాసాహెబ్ ఆ దగ్గర్లోని ఔరంగాబాద్‌లోనే మిళింద కాలేజీ పెట్టారు. ఆ ప్రాంగణానికి నాగసేనవనం అని పేరు. ప్రశ్నలడిగిన రాజు మిళిందుడు, జవాబులు చెప్పిన భిక్షువు నాగసేనుడు. అంతకు ముందే ముంబై దాదర్‌లో పుస్తకాల కోసం ఇల్లు కట్టుకుని, మగధ పాత రాజధాని పేరు మీద 'రాజగృహ' అని పెట్టారు. తలుపు మూసిన చోటనే ఆయన తెరిచిన తలుపు కట్టారు. ఈ మాట మనసులో పెట్టుకుని ఇప్పుడు నగరంలోకి పోదాం.

2. ప్రతి కట్టడాన్నీ అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఒకటి: దీన్ని ఎవరి చేతులు కట్టాయి?
రెండు: దీని మీద ఎవరి పేరు ఉంది?
మూడు: దీని తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?
నాలుగు: దీని ముందు నిలబడితే నా మనసులో ఏం లేస్తోంది?

మొదటి మూడూ బయటి ప్రశ్నలు. నాలుగోది లోపలి ప్రశ్న. బయటివి అడగకుండా లోపలిదొక్కటే అడిగితే ధ్యానం పేరుతో కళ్లు మూసుకున్నట్టే. లోపలిది అడగకుండా బయటివే అడిగితే కోపం ఒక్కటే మిగులుతుంది. నాలుగూ కలిపి అడగాలి.

మన పూర్వీకుల స్తూపాన్ని ఈ ప్రశ్నలతో చూడండి. స్తూపానికి గర్భగుడి లేదు. చుట్టూ ప్రదక్షిణ మార్గం, మధ్యలో అండం, పైన హర్మిక, ఛత్రం. అందరూ బయటే, ఒకే మార్గంలో నడుస్తారు. లోపలికి ఎవరు పోవాలి, గడప దగ్గర ఎవరు ఆగాలి అన్న తగువుకు ఆ నిర్మాణంలో చోటే లేదు. మన ఆంధ్ర స్తూపాలకైతే నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలుంటాయి. అవి బుద్ధుని జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులంటారు: జననం, గృహత్యాగం, బోధి, మొదటి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం.

పేరు ఎవరిది అంటారా? అమరావతి స్తూపంలో పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం మీద దానం ఇచ్చినవాడి పేరు ఉంది. విధికుడు. వృత్తి కూడా రాసి ఉంది: చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చిన దానం అది. తోలు పని చేసే మనిషి తన వృత్తిని దాచుకోలేదు, స్తూపం కట్టినవాళ్లు దాన్ని చెరిపేయలేదు. సుమారు 1800 ఏళ్ల కిందటి రాయి చెబుతున్న సంగతి ఇది. గేటు ముందు చిన్నబోయిన పిల్లలకు ముందు ఈ కథ చెప్పండి.

3. మొదటి రోజు: జూబ్లీహిల్స్, ఫిలింనగర్

రాళ్లు

పొద్దున్నే మెట్రో నీలం లైన్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగండి. అక్కడికి దగ్గర్లోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది. అది నిజాం కుటుంబానిది, అందులోకి మామూలుగా రానివ్వరు. పర్వాలేదు. మీరు చూడాల్సింది రాళ్లను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఈ గ్రానైట్ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మొత్తం జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఇలాగే ఉండేవి. రాళ్లు పేల్చి, చదును చేసి, కాలనీలు కట్టారు. ఆ రాళ్లు కొట్టిన చేతులు ఎవరివి? వడ్డెరలవి, పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలవి, మనవాళ్లవి. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

కాసేపు ఒక గుండు పక్కన కూచోండి. శ్వాస గమనించండి. ఈ రాయి కూడా ఎండకు, వానకు పొరలు పొరలుగా ఊడిపోతోంది. 250 కోట్ల ఏళ్ల వస్తువుకే అనిత్యం తప్పలేదు. నలభై ఏళ్ల బంగళాను చూసి మనం ఎందుకు కుంగిపోవాలి?

సెట్లు

అక్కడి నుంచి ఫిలింనగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి మెల్లగా హైదరాబాద్‌కు తరలివచ్చిన రోజుల్లో అక్కినేని నాగేశ్వరరావు రాళ్ల గుట్ట మీద అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు, 1976లో మొదలైంది. తర్వాత ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. స్టూడియో లోపలికి ఊరికే రానివ్వరు. బయటి నుంచే చూస్తాం. కానీ లోపల జరిగే పని తెలుసుకుంటే చాలు, అదే పెద్ద పాఠం.

సినిమాకు కళా దర్శకుడు ఉంటాడు. చెక్క ఫ్రేములు, ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మోకోల్, రంగు. వీటితో రాజమహల్ లేస్తుంది. ముందు నుంచి చూస్తే కోట, వెనక్కి వెళ్తే కర్రలు, మేకులు. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల్లో మెరిసే ద్వారక నగరం చిన్న చిన్న బొమ్మ ఇండ్లతో చేసిన నమూనా. గోఖలే, కళాధర్ కళా దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం కళా దర్శకుడు అశోక్ ఏకంగా చార్మినార్ సెట్ వేశారు. అసలు చార్మినార్ ఇదే నగరంలో ఉంది! జనం, ట్రాఫిక్ మధ్య రోజుల తరబడి షూటింగ్ చేయలేక ఇంకో చార్మినార్ కట్టుకున్నారు. పని అయిపోయింది, ఆ సెట్ పోయింది. 1591 నాటి రాతి, సున్నపు చార్మినార్ మాత్రం నిలబడి ఉంది.

ఇక్కడ తొందరపడి "సెట్ అబద్ధం, చార్మినార్ నిజం" అనేయకండి. రెండూ పుట్టినవే, రెండూ పోయేవే. ఒకటి నెలల్లో పోతుంది, ఒకటి శతాబ్దాలు పడుతుంది. తేడా కాలంలోనే ఉంది. తెర మీద హీరో కాళ్ల కింద ఉన్న పాలరాయి, రంగు వేసిన ప్లైవుడ్ అని పిల్లలకు చెప్పండి. వాళ్లు గట్టిగా నవ్వుతారు. ఆ నవ్వుతో తృష్ణ సగం దిగిపోతుంది.

ఆ ప్లైవుడ్ కోసినవాళ్లు, మౌల్డింగ్ చేసినవాళ్లు, లైట్లు మోసినవాళ్లు ఎక్కడుంటారు? పక్కనే ఉన్న ఫిలింనగర్ బస్తీల్లో, కృష్ణానగర్ ఇరుకు గదుల్లో. తెల్లవారుజామున కృష్ణానగర్ పోతే పని కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తారు. జూబ్లీహిల్స్ అనగానే బంగళాలే గుర్తొస్తాయి గానీ అసెంబ్లీ నియోజకవర్గంగా చూస్తే బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ లాంటి బస్తీల ఓట్లే ఎక్కువ. వీలైతే ఒక బస్తీలో ఆగి చాయ్ తాగండి. నగరం ఎవరి మీద నిలబడి ఉందో అక్కడ తెలుస్తుంది.

తెరిచిన తలుపు

మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లోనే ఇంకో చోటికి పోదాం. హీరోల ఇండ్లు చూసేవాళ్లలో చాలామందికి ఇది ఇక్కడుందనే తెలియదు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా పుట్టింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. మొదటి వైస్ చాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్స్‌లర్ ఆయనే. 1991లో, బాబాసాహెబ్ శతజయంతి సందర్భంలో, ఈ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

భవనాలు చూస్తే మామూలుగానే అనిపించవచ్చు. మూడో ప్రశ్న అడగండి: తలుపు ఎవరికి తెరుచుకుంది? ఇంటర్ పాస్ కానివాళ్లకు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఈ సంస్థ చూపింది. పొలం పనికి పోతూ, ఆటో నడుపుతూ, అంగన్‌వాడీలో పనిచేస్తూ, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడవాళ్లు పిల్లల్ని పెంచుతూ ఇందులో చదివారు. మీ వాడలో ఇక్కడ డిగ్రీ చేసినవాళ్లు తప్పకుండా ఉంటారు, అడిగి చూడండి. నగరంలో అత్యంత ఖరీదైన కొండ మీద, మూసిన గేట్ల మధ్య, బాబాసాహెబ్ పేరున తెరిచి ఉంచిన తలుపు ఇది. పిల్లలను ఫోటో దిగమనాల్సింది ఈ బోర్డు దగ్గర.

తీగల వంతెన

సాయంత్రం దుర్గం చెరువు. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువని చెబుతారు. జూబ్లీహిల్స్‌నూ మాదాపూర్‌నూ కలుపుతూ దీని మీద కట్టిన తీగల వంతెన 2020 సెప్టెంబర్ 25న ప్రారంభమైంది. మధ్యలో చెరువులో ఒక్క స్తంభం కూడా లేకుండా దాదాపు 234 మీటర్లు దాటుతుంది. ఈ రకాన్ని ఎక్స్‌ట్రాడోస్డ్ వంతెన అంటారు. మామూలు తీగల వంతెనలో తీగలే దాదాపు బరువంతా మోస్తాయి, అందుకే స్తంభాలు చాలా ఎత్తుగా ఉంటాయి. ఇందులో స్తంభాలు పొట్టి. తీగలు కొంత లాగుతాయి, వంతెన ఒళ్లు కొంత మోస్తుంది. తీగ వంతెనను పట్టుకుంటుంది, వంతెన తీగను బిగువుగా ఉంచుతుంది, స్తంభం రెండింటినీ నిలబెడుతుంది. ఏదీ తనంతట తాను నిలబడలేదు. ప్రతీత్య సముత్పాదం పుస్తకంలో అర్థం కానివాళ్లకు ఈ వంతెన మీద నిలబెట్టి చెబితే అర్థమవుతుంది. దీపాలు వెలిగాక ఫుట్‌పాత్ మీద నడవండి. టికెట్ లేదు, గేటు లేదు.

4. రెండో రోజు: హుస్సేన్‌సాగర్ నుంచి మూసీ దాకా

పొద్దున నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. అందులో అజంతా చిత్రాలకు నకళ్లున్న గ్యాలరీ ఉంది. నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ కాలంలో సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ లాంటి చిత్రకారులు గుహల్లో ఆ బొమ్మలను చూసి గీశారు. అజంతా దాకా పోలేని కుటుంబం ఇక్కడ చూడొచ్చు. బౌద్ధ శిల్పాల దగ్గర తొందరపడకండి. ఒక్క శిల్పం ముందు పది నిమిషాలు ఉండండి.

తర్వాత హుస్సేన్‌సాగర్ ఒడ్డు. 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. కింద పార్లమెంటు ఆకారంలో 50 అడుగుల పీఠం. శిల్పి రామ్ వి. సుతార్. పక్కనే సచివాలయం, దానికీ బాబాసాహెబ్ పేరే. లోపలికి అనుమతించే వేళలు ముందే కనుక్కుని పోండి. తలెత్తి చూస్తే గుండె ఉప్పొంగుతుంది, అది సహజం. కానీ నాలుగో ప్రశ్న ఇక్కడ కూడా అడగాలి. విగ్రహాలకు మొక్కి ఊరుకునే భక్తి రాజకీయాల్లో ఎంత ప్రమాదమో హెచ్చరించినవాడే బాబాసాహెబ్. విగ్రహం ఎత్తు చూసి, ఆయన పుస్తకం ఒక్కటీ తెరవకపోతే మనం సెట్ చూసి వచ్చినట్టే.

ఎదురుగా నీళ్లలో బుద్ధుడు. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని. భువనగిరి దగ్గరి రాయగిరి గుట్టలో ఒకే రాయిని గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. 58 అడుగులు. 1990 మార్చి 10న పడవ మీద తరలిస్తుంటే విగ్రహం చెరువులో మునిగింది, పనిచేస్తున్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉండి, 1992 డిసెంబర్‌లో లేచి నిలబడింది. పడవ ఎక్కి విగ్రహం దగ్గరికి పోయినప్పుడు ముందు ఆ శ్రామికులకు ఒక నిమిషం మౌనంగా మైత్రి భావన చేయండి. వాళ్ల పేర్లు మనకు కనిపించవు. విధికుడి పేరు నిలిచిన దేశంలో వీళ్ల పేర్లెందుకు నిలవలేదన్న ప్రశ్న మనతో తీసుకుని రావాలి.

చివరగా, సమయం ఉంటే, ఎర్ర లైన్ మెట్రోలో చైతన్యపురి. మూసీ దగ్గర ఒక గుట్ట మీద గుడి ఉంది. అక్కడి బండ మీద ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం పేరు కనిపిస్తుంది. విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. అంటే చార్మినార్‌కు వెయ్యేళ్లకు పైగా ముందే ఈ నేల మీద భిక్షు సంఘం ఉంది! "మీరు కొత్తగా బౌద్ధం తెచ్చారు" అనేవాళ్లకు జవాబు ఈ రాయి మీదే ఉంది. విహారం గోడలు లేవు, గదులు లేవు. పేరు మిగిలింది, ధమ్మం మిగిలింది, ఇప్పుడు మనం వచ్చాం.

5. సాధన

యాత్రకు ముందు: కుటుంబమంతా కూచుని నాలుగు ప్రశ్నలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మంచినీళ్లు, తినడానికి ఇంత కట్టుకుని పోండి. మెట్రో, బస్సు చాలు.

యాత్రలో: రోజుకు మూడు చోట్లు మించొద్దు. ప్రతి చోటా ముందు ఐదు నిమిషాలు ఫోన్ తీయకుండా చూడండి. అక్కడ పనిచేసేవాళ్లతో, ఊడ్చేవాళ్లతో, కాపలావాళ్లతో "అన్నా", "అక్కా" అని పలకరించి రెండు మాటలు మాట్లాడండి.

వచ్చాక: వచ్చే ఆదివారం విహార్‌లో పిల్లల చేత చెప్పించండి. చర్చకు ఈ ప్రశ్నలు తీసుకోండి:

– మన వాడలో అందరికీ తలుపు తెరిచి ఉండే కట్టడం ఏది? లేకపోతే ఎందుకు లేదు?
– మన విహార్‌లోకి ఆడవాళ్లు, ముసలివాళ్లు, వికలాంగులు, పక్క కులంవాళ్లు ఇబ్బంది లేకుండా రాగలుగుతున్నారా?
– మన ఊళ్లో బడి, పంచాయతీ ఆఫీసు, ట్యాంకు కట్టిన మేస్త్రీలు, కూలీల పేర్లు మనకు తెలుసా? తెలుసుకుని రాసిపెట్టగలమా?

మిత్రులారా, మూడో ప్రశ్నను పనిగా పెట్టుకోండి. ఊరికి ఒక నోటుపుస్తకం పెట్టి, మొదటి పేజీలో మీ తాత కట్టిన గోడ సంగతి రాయండి.

జై భీమ్! నమో బుద్ధాయ!